కాక బావిలో నూనె

తెలంగాణ రాకముందు సంగతి. నేను హైదరాబాదులో పరిశోధన చేస్తుండేదాన్ని. ముడిచమురును పరీక్షించి అది ఏ రాతిపొరలో పుట్టిందో తేల్చడం నా పని. ఒకసారి గోదావరిఖనిలో మా ఇంటికి వెళ్తే, పక్కింటి కాక పిలిచాడు. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. పెరట్లో బావి తవ్వించుకుని కూరగాయలు పండించేవాడు.

బొక్కెన నీళ్ల మీద రంగులు తేలే తెట్టు కట్టింది.

"కింద పెట్రోలు పడ్డదంటున్నరు, బిడ్డా. నువ్వు సదివింది గిదే గదా, జర సూడు."

వాడకట్టంతా మూగింది. నాకు హుషారు పుట్టింది. "బొగ్గు పొరల నుంచి కూడ చమురు పుడుతది కాకా. ఇది మన నేలదే అయితే పట్టుకుంట" అని అందరి ముందూ గొప్పగా చెప్పాను. మా అన్న వెనకాల నిలబడి వింటున్నాడు.

ఆ తెట్టును సీసాలో హైదరాబాదు పట్టుకెళ్లి, ల్యాబులో యంత్రం గీసిన గీత చూశాక నా హుషారంతా దిగిపోయింది. ముడిచమురులో తేలికవీ బరువైనవీ అన్ని పదార్థాలూ కలిసే ఉంటాయి. అది ఏ చెట్ల నుంచి, ఏ నాచు నుంచి వచ్చిందో చెప్పే గుర్తులు ఆ బరువైన భాగంలోనే దొరుకుతాయి. ఇందులో ఆ భాగమే లేదు. ఇది రాతిలోంచి ఊరింది కాదు, బంకులో పోసే డీజిలు.

కాక ప్రహరీకి అవతల ఉన్నది మా అన్న లారీల షెడ్డే. అక్కడ భూమిలో పాతిన డీజిలు ట్యాంకు ఉంది. అన్నకు ఫోన్ చేశాను.

"కారుతున్నదని నాకెరుకనే చెల్లె. వానలు పోయినంక మార్పిద్దామనుకున్న. కాకకు చెప్పకు."

మర్నాడే బస్సెక్కి వచ్చాను. అన్నను రమ్మంటే కాక ఇంటి గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. నేనొక్కదాన్నే లోపలికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. కాక తల దించుకున్నాడు, తప్పు తనదే అయినట్టు. ఆయన భార్య మాత్రం అడిగింది:

"తెట్టు తీసేసి మా మనుమరాలికి ఆ నీళ్లే తాపిన బిడ్డా. ఏమన్నయితదా?"

ఆ పిల్లను ఎత్తుకుని దవాఖానకు నేనే తీసుకుపోయాను. భయం లేదని డాక్టరు చెప్పేదాకా వెంట వచ్చిన కాక భార్య కళ్లలోకి చూడలేకపోయాను.

అన్న ట్యాంకు తవ్వి తీయించాడు. మా నల్లా నుంచి గోడ మీదుగా వాళ్లకు పైపు వేయించాడు. బావిని బండతో మూసేశారు. బెండ, వంగ మొక్కలు మాత్రం బతకలేదు.

కాక ఏనాడూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పైగా చుట్టాలొస్తే నన్ను పిలిచి, "బావిల నూనె ఏందో కనిపెట్టింది ఈ బిడ్డనే" అని మురిపెంగా చెప్పేవాడు. ఆ నూనె ఎవరిదని వాళ్లడిగితే మాట మార్చేసేవాడు. నేను చాయ్ కూడా తాగకుండా, పని ఉందని చెప్పి లేచి వచ్చేసేదాన్ని.