మామ్మ ముందు నేను తిన్న భోజనం

విజయనగరం నుంచి శ్రీకాకుళం దాకా నేను నింపని కడుపు లేదని చెబుతుంటాను. అందులో కొంత గొప్పలు కోయడమే. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి అన్నం తినిపించడం నా ఉద్యోగం.

ఆ వేసవిలో సముద్రపొడ్డున ఒక మామ్మను నాకు అప్పగించారు. నలభై ఏళ్లు చేపల గంప మోసిన మనిషి. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది, మాట తడబడుతోంది. మింగడం వచ్చు, కానీ నోరు తెరవదు. సోమవారానికీ ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు డాక్టరు. అప్పటికి శనివారం.

మామ్మను దిండ్లకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టాను. మెత్తగా పిసికిన అన్నంలో చేపల పులుసు కలుపుతూ, రామతీర్థం కొండ మీద కోతి నా డబ్బా లాక్కుని, ఉప్పు తక్కువైందని తిరిగి నా మొహాన కొట్టిన సంగతి చెప్పాను. ఆమె కళ్లు నవ్వాయి. పెదాలు విడలేదు. ఎడమచేత్తో చెంచాను నా వైపే నెట్టింది.

"సూడక్కా, మూడ్రోజులుగా ఇదే వరస," అంది కోడలు బెంగగా.

మామ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్... తిన్నావేటే?"

"తిన్నాను మామ్మా. పదకొండు ఇడ్లీలు. హోటలాయన దణ్ణం పెట్టి పంపించాడు."

"దొంగముండా... నీ కడుపు... అరుస్తన్నాది."

నిజమే. మొదటి బస్సుకు పరగడుపున వచ్చాను.

కోడలు నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మో! మా అత్త ఎప్పుడూ ఇంటిల్లిపాదీ తిన్నాకే కూకుంటాది. రోగం మనిషి కదాని మేమేమో ముందు తనకెట్టి, ఆనక తింటన్నాం!"

వెళ్లిన ఇంట్లో తినకూడదని మాకు నియమం. ఆ పూటకు దాన్ని పక్కన పెట్టాను. కోడలూ నేనూ మంచం ముందే కంచాలు పెట్టుకుని కూర్చున్నాం. మామ్మ మా ముద్దలు చూస్తూ ఉంది. నా కంచం ఖాళీ అయ్యాక, "దానికింకో సేపెయ్యే," అని కోడలిని కసిరింది. ఆ చేప ముక్క కూడా తిన్నాను. అప్పుడు నోరు తెరిచింది.

నవ్విస్తే పొలమారుతుందని కథలు కట్టిపెట్టాను. ఒక్కో చెంచాకూ గొంతు కదిలేదాకా ఆగి, మరో చెంచా. గిన్నె ఖాళీ అయింది.

ఆదివారమూ అంతే. సోమవారం డాక్టరు వచ్చేసరికి మామ్మ పులుసన్నం తింటోంది. ఆయన కాసేపు చూసి, గొట్టం అక్కర్లేదన్నాడు. కోడలు గుమ్మంలోనే కూలబడి, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను చెంచా గిన్నెలోనే వదిలేసి కోడలి వైపు తిరిగాను.

"ఏటే... ఆపేసినావు?" అంది మామ్మ, నోరు తెరిచి.