రాజధాని వెంట ఎవరు పోతారు

నేను వికారాబాద్‌లో ఒక చిన్న కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు చరిత్ర, భూగోళం చెబుతాను. ఉండేది తాండూరులో. పొద్దున రైల్లో వెళ్లి, క్లాసులయ్యాక ఏ బండి దొరికితే ఆ బండిలో తిరిగి వస్తాను. అర్జీలు రాసే చాచా నాకు ఆ రైల్లోనే పరిచయమయ్యాడు. ఆయనదీ తాండూరే.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. వికారాబాద్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయం గేటు పక్కన, గోడ నీడలో, ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్నాడు. పింఛను ఆగిపోయినవాళ్లు, పాసుబుక్కులో పేరు తప్పుపడినవాళ్లు వచ్చి ఎదురుగా కూర్చుని తమ సంగతి చెబితే, విని, దాన్ని ఒక పేజీలోకి తెస్తాడు. తెలుగులోనూ ఉర్దూలోనూ రాస్తాడు. రైల్లో పెద్దగా మాట్లాడేవాడు కాదు. నేను కూడా పాఠం నోట్సు చూసుకుంటూ ఉండేదాన్ని.

ఒకరోజు నా ఒడిలో ప్రపంచ పటం ఉంది. ఆరోజు పాఠం, దేశాలు రాజధానులను ఎందుకు మారుస్తాయి అన్నది. పరీక్షలో తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది కాబట్టి కారణాలను నేను వరసగా చెప్పిస్తాను. సముద్రం ఒడ్డున ఉన్న రాజధాని దేశానికి ఒక మూలన ఉందని బ్రెజిల్ దాన్ని రియో నుంచి లోపలికి జరిపింది. లాగోస్ కిక్కిరిసిపోయిందని, అన్ని తెగలవాళ్లకూ సమానంగా ఉండే చోటు కావాలని నైజీరియా అబుజా కట్టుకుంది. రెండు పెద్ద నగరాలు నాకంటే నాకని పట్టుబడితే ఆస్ట్రేలియా రెండింటినీ కాదని మధ్యలో కాన్‌బెర్రా పెట్టింది. జకార్తా కింద నేల కుంగిపోతోందని ఇండోనేషియా వేరే దీవిలో కొత్తది కడుతోంది. బర్మా ఎందుకు మార్చిందో ఇప్పటికీ ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు.

చాచా పటం వైపు చూసి ఏమిటని అడిగాడు. చెప్పాను. ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు జనాన్ని తరలించిన సుల్తాన్ సంగతి ఆయనకు తెలుసు. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదువుకున్నాడట. పటం మీద వేలు పెట్టి అడిగాడు.

"గా సుల్తాన్ ఆఫీసర్లను తీస్కపోయిండు, ఫౌజును తీస్కపోయిండు. మరి ఆఫీసు ముంగట కూసుండెటోళ్లు ఏమైండ్రు బిడ్డా?"

నా నోట్సులో దానికి జవాబు లేదు. చదివి చెబుతానన్నాను. ఆయన ఎందుకు అడిగాడో ఆరోజు నేను ఆలోచించలేదు.

సంగతి పది రోజుల తరువాత తెలిసింది. ఆయన కూర్చునే కార్యాలయాన్ని ఊరి బయట కొత్త భవనాల్లోకి మార్చారు. పాత భవనం పెంకులు కారుతున్నాయి, ఫైళ్లు తడుస్తున్నాయి, వచ్చినవాళ్లకు నిలబడే చోటు లేదు. మార్చడంలో తప్పేమీ లేదని చాచాయే అన్నాడు. అయినా ఆయన కొత్త చోటికి పోలేదు. పాత గేటుకు తాళం పడ్డా, ఎప్పటిలాగే వెళ్లి అదే గోడ పక్కన కూర్చున్నాడు.

నేను కొన్ని పుస్తకాలు తిరగేసి, దొరికినంత చెప్పాను. బ్రెజిల్‌లో కొత్త నగరాన్ని కట్టిన కూలీలకు ఆ నగరంలో చోటు దొరకలేదు, చుట్టూ వేరే ఊళ్లు పుట్టి అక్కడే ఉండిపోయారు. రియోలో ఉన్న పెద్ద అధికారులు చాలా ఏళ్లు కదలడానికి ఇష్టపడలేదు. బర్మాలో ఉద్యోగులు కొత్త రాజధానికి పోయినా, చాలామంది ఇళ్లను పాత ఊళ్లోనే ఉంచారు. లాగోస్ మాత్రం రాజధాని పోయినా తగ్గలేదు, దానికి రేవు ఉంది, వ్యాపారం ఉంది. చాచా అన్నీ విన్నాడు. చివరిది విని, రేవు ఉన్న ఊరికి ఫికర్ లేదు అన్నాడు.

ఆ వానాకాలమంతా ఆయన దగ్గరికి జనం వస్తూనే ఉన్నారు. అర్జీలకు కాదు. పరిగి వైపు నుంచి, అడవి పక్క పల్లెల నుంచి బస్సు దిగి, కార్యాలయం ఇంకా అక్కడే ఉందనుకుని వచ్చేవాళ్లు. తాళం చూసి చాచాను అడిగేవాళ్లు. ఆయన దారి చెప్పేవాడు. కొత్త చోటికి బస్సు లేదు. ముసలివాళ్లు నడిచేవాళ్లు. ఒక ముసలామె దారి అడిగి, వెళ్లి, అర్జీ లేకుండా వచ్చిందని అక్కడివాళ్లు తిప్పి పంపితే, మళ్లీ ఆయన దగ్గరికే నడిచి వచ్చి రాయించుకుని, మళ్లీ నడుస్తూ వెళ్లిందట. ఈ సంగతి చెప్పినరోజు ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. తాండూరు వచ్చినా లేవకపోతే నేనే చెప్పాను.

మరుసటి వారం సంచిలోంచి ఒక కాగితం తీసి, తప్పులుంటే చూడమని నా చేతికిచ్చాడు. బస్టాండు నుంచి కొత్త కార్యాలయం దాకా పొద్దున, మధ్యాహ్నం బస్సు నడపాలని అర్జీ. అలవాటైన ఆయన దస్తూరి, ఒక్క మాట ఎక్కువ లేదు. వెనక మూడు పేజీల నిండా సంతకాలు, వేలిముద్రలు. దారి అడగడానికి వచ్చినవాళ్లందరి దగ్గరా తీసుకున్నాడు.

తప్పులేమీ లేవన్నాను. తరువాత, ఊరుకోలేక, బస్సు పడితే మీ దగ్గర ఎవరు ఆగుతారు చాచా అన్నాను.

"ఇప్పుడు మాత్రం నా దగ్గరికి వస్తున్నరా? తొవ్వ అడగనీకి వస్తున్నరు. గా తొవ్వ కండక్టర్ చెప్తడు."

"మీరు కూడా అక్కడికి పోవచ్చు కదా?"

"జర భయమైతుంది బిడ్డా. ఈడ గోడకు నేను ఎర్కే. ఆడ ఎవరికి ఎర్క?"

ముప్పై ఏళ్లు ఇతరుల పరేషానీలు రాసిన మనిషి తన భయం గురించి నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే. కాగితం మడిచి ఇచ్చాను.

అర్జీని తనే తీసుకెళ్లి ఇచ్చాడు. ఎవరి మాట పనిచేసిందో తెలియదు, ఇంకా కొందరు కూడా అడిగే ఉంటారు. కందిచేలు పూతకొచ్చే రోజుల్లో బస్సు మొదలైంది. మొదటిరోజు నా క్లాసుకు రెండు గంటల సమయం ఉంది. చాచా కాగితాలు పెట్టుకునే ఇనుపపెట్టెతో బస్టాండు వైపు నడుస్తుంటే నేనూ వెంట వెళ్లాను.

బస్సులో పన్నెండు మంది దాకా ఉన్నారు. ఇద్దరు ఆయన్ను గుర్తుపట్టి పలకరించారు. కొత్త భవనం పెద్దది, ముందంతా ఖాళీ నేల, ఒక్క చెట్టు లేదు. గేటు పక్కన పెట్టె దించబోతే, కాపలా ఉన్నతను వచ్చి ఇక్కడ కూర్చోకూడదన్నాడు. చాచా వాదించలేదు. ఎక్కడ కూర్చోవచ్చని అడిగాడు. అతను రోడ్డుకు అవతల రేకుల షెడ్డు వేసిన టీ కొట్టు చూపించాడు. కొట్టు నడిపే ఆమె, కస్టమర్లకు అడ్డం కాకుండా ఒక మూలన కూర్చోమంది.

పెట్టె సర్దుకుంటుండగానే బస్సులో మాతో వచ్చిన ఒక గొర్రెల కాపరి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పిడుగు పడి మంద పోయిందని, పరిహారం కోసం రాయాలని చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్ని గొర్రెలు, ఏ ఊరు, ఏ రోజు అని చాచా ఒక్కొక్కటే అడుగుతున్నాడు. బస్సు వెనక్కి బయలుదేరబోతూ హారన్ కొట్టింది. నాకు క్లాసు ఉంది. వెళ్లొస్తానన్నాను. ఆయన రాస్తూనే తలూపాడు.