తాటిదుంగల మీద లేతు

ఈ ఉదయం తాడేపల్లిగూడెంలో మా షెడ్డులో కొత్తగా పెట్టుకున్న, ఇనుము చెక్కే చిన్న లేతు మిషను కీచుమని అరిచింది. తప్పు నాదే, కోసే టూలు మరీ బయటికి పొడుచుకొచ్చేలా బిగించాను. కానీ ఆ అరుపుకి నా చేతులు వాటంతటవే తలకి అడ్డం వెళ్లాయి.

ఆకివీడు వైపు వర్క్‌షాపు ఇళ్లలో పెరిగినవాళ్లారా, మీకు గుర్తుందా ఈ అరుపు? మా నాన్న వసారాలో చేపల చెరువుల మోటార్లకి షాఫ్టులు చేసేవాడు. లేతు తాటిదుంగల మీద ఉండేది, వాటి కింద కొల్లేటి నల్లమట్టి. కోత కాస్త లోతుగా పడితే చాలు, దుంగలు ఊగేవి, మిషను అరిచేది, షాఫ్టంతా గాట్లు పడేవి. వెంటనే నాన్న చేతిలోని స్పానరు అమ్మ వీపు మీద పడేది. కాలిన నూనె వాసనా, అమ్మ కేకా కలిసే వచ్చేవి.

"ఏవండీ, దుంగలు కదులుతున్నాయండీ, కాంక్రీటు వేయించండీ" అని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

ఒకరోజు స్పానరు తగిలి ఆవిడ నుదురు చిట్లింది. రక్తం తుడుచుకోకుండానే సమ్మెట అందుకుని, పుచ్చిన దుంగ చీలిపోయేదాకా బాదింది. లేతు ఒరిగి దభీమని పడింది. నాన్న చెయ్యెత్తి మీదికొచ్చాడు. అమ్మ సమ్మెట దించలేదు.

"ఇప్పుడైనా కాంక్రీటు వేయించండీ. ఇంకోసారి చెయ్యెత్తారంటే నేను కొట్టేది దుంగని కాదండీ."

మర్నాడే మేస్త్రి వచ్చాడు. కాంక్రీటు దిమ్మ పోసి, బోల్టులతో బిగించాక లేతు మళ్లీ అరవలేదు.

సమ్మెటని మాత్రం అమ్మ లోపల పెట్టలేదు. లేతు దగ్గర నిలబడిన నాన్నకి ఎదురుగా కనబడేలా గోడకి ఆనించి ఉంచింది.