మామను నాయనా అన్న పూట

నా చిన్నప్పుడు ఒక పూటంతా మా మేనమామ నాకు నాయనగా ఉన్నాడు. నేను చెప్పే వాటిలో సగం నమ్మవద్దని మా వీధిలో అందరికీ తెలుసు. ఇది మిగతా సగంలోది.

అసలు నాయన మమ్మల్ని వదిలి వెళ్ళిపోయాడు. అమ్మ తమిళనాడులోని మా ఊరు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయేది. నన్ను కాన్వెంటు సిస్టర్ల బడిలోనే చదివించాలని ఆమె పట్టుదల. విరుదునగర్‌లో ఒక బడివాళ్ళు తండ్రి ఎందుకు రాలేదని అడిగి, జవాబు విని, సీట్లు లేవన్నారు. మా వెనక నిలబడినవాళ్ళకు మాత్రం ఉన్నాయి. ఇక మిగిలింది మా ఊరి బడి ఒక్కటే. అందుకే మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని మాతో వచ్చాడు. దారి పొడుగునా నా చేత "నాయనా" అనిపించారు.

మీ నాయన ఏం చేస్తాడని సిస్టర్ నన్ను తమిళంలో అడిగింది. లారీ తోలుతాడని చెప్పమన్నారు, చెప్పాను. అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? శివకాశి టపాకాయలు వేసుకుని పోతుంటే పులి అడ్డం వచ్చిందన్నాను. సైకిలు కూడా సరిగా తొక్కలేని మామకు చెమటలు పట్టాయి. పులి లారీ ఎక్కేసరికి అమ్మ తట్టుకోలేకపోయింది. బయటివాళ్ళ ముందు గుట్టు మాట్లాడుకోవడానికి మాకు ఇంటి భాష ఉండనే ఉంది. తల వంచుకుని మెల్లగా తెలుగులో అంది.

"అన్నా, దాని నోరు మూయించు. ఆడ మాదిరే ఈడా సీటు పోతాది."

"చెప్పనీమ్మా, పులి ఏం చేసిందో" అంది సిస్టర్, మాకంటే మంచి తెలుగులో. ఆమెది గుంటూరు వైపని తర్వాత తెలిసింది.

ఆ ఒక్క "అన్నా"తో మామ నాయనతనం ముగిసింది. అమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది, వేళ్ళు నొప్పి పుట్టేటట్టు. సిస్టర్ ఆమెను కూర్చోమంది, మామను బయటికి పంపి తలుపు వేసింది. విరుదునగర్‌లో కూడా ముందు ఇలాగే తలుపు వేశారు.

"బిడ్డను పెంచేదెవరు?"

"నేనే, సిస్టర్." అమ్మ నేలకు చెప్పింది.

"ఎవరమ్మా?"

ఈసారి అమ్మ తల ఎత్తింది. "నేనే."

"ఇది ముందే చెప్పుంటే మీ అన్నకు ఇస్త్రీ శ్రమ తప్పేది. సోమవారం పంపించు. బళ్ళో ఇంకెవరు అడిగినా ఈ గొంతుతోనే చెప్పు."

ఇప్పటికీ అడ్మిషన్ల కాలం వస్తే, బిడ్డలను ఒంటరిగా సాకే అమ్మలు ఏం కథ చెప్పాలక్కా అని నా దగ్గరికి వస్తారు. కథలకు నా దగ్గర కరువు లేదు, ఆ పనికి మాత్రం ఇవ్వను. ఎదురుగా కూర్చోబెట్టుకుని, బిడ్డను పెంచేదెవరని అడుగుతాను. నేల చూస్తూ చెబితే, మళ్ళీ అడుగుతాను.