ముందురోజే పెట్టిన కృతజ్ఞతా కూడిక

1974 డిసెంబర్ 15, ఆదివారం సాయంత్రం. స్థలం: లాల్‌దర్వాజాలో మేము అద్దెకున్న ఇల్లు. వచ్చినవారు: సంఘం పాస్టరు అయ్యగారు, సంఘపెద్ద, సంఘంలోని ఆడవాళ్లు ఐదుగురు, పక్కింటి అక్క, బాపుతో డ్యూటీ చేసే కండక్టర్ భాయ్. ఇంటివాళ్లం: మా నాయనమ్మ, బాపు, అమ్మ, నేను.

నా చిన్నప్పుడు, పదకొండో ఏట, డిపోలో బాపుకిచ్చిన డైరీ నాకు దక్కితే అందులో ఇంతవరకు రాసుకున్నాను. వాళ్లంతా ఎందుకు వచ్చారో, మా ఇంట్లో ఏం జరిగిందో రాయడం అప్పుడు నాకు చేతకాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా బాపు సర్కారు బస్సు డ్రైవరు. ప్రతి ఏడూ క్రిస్మస్‌కు ముందు మా సంఘంలోని మగవాళ్లు కూలీలను పెట్టుకోకుండా తామే గుడికి, అంటే మా చర్చికి, సున్నం వేసేవారు. అది దేవుని పని, డబ్బిచ్చి చేయించకూడదని వాళ్ల పట్టుదల. ముందురోజు సాయంత్రమే సున్నపు రాళ్లను డ్రమ్ములో వేసి నీళ్లు పోస్తే, తెల్లవారేసరికి ఉడికి చల్లారి ఉండేది. ఆ ఏడు సున్నం ఆలస్యంగా వచ్చింది. శనివారం పొద్దున రాళ్ల మీద నీళ్లు పోసి, అది కుతకుత ఉడుకుతుండగానే బాపు కర్రతో కలపబోయాడు. అడుగున ఉన్న రాయి ఒకటి పగిలి, సున్నం ఎగిరి రెండు కళ్లలోనూ పడింది.

ఆ తర్వాత జరిగిందే నేటికీ నన్ను కలవరపెడుతుంది. గుడి వెనకాల బావి ఉంది. బకెట్లు ఉన్నాయి. కానీ సంఘపెద్ద పరుగెత్తుకొచ్చి బాపును చాప మీద పడుకోబెట్టి, ‘ముందుగాల ప్రార్థన చేద్దాం’ అన్నాడు. అందరూ మోకాళ్లూని, బాపు తల మీద చేతులుంచి ప్రార్థించారు. కల్లబొల్లి ప్రార్థన కాదది, ఏడుస్తూ చేశారు. పావుగంట గడిచాక ఎవరో నీళ్ల మాట ఎత్తారు. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ‘వెంటనే కడిగారా?’ అని. సంఘపెద్ద నేల చూపులు చూశాడు.

వారం రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని, రెండు కళ్లకూ కట్టుతో బాపును మరుసటి శనివారం ఇంటికి పంపారు. సోమవారం పొద్దున తీసుకొస్తే కట్టు విప్పి చూస్తామన్నారు. ఆ శనివారం అమ్మ మందుల కిటికీ దగ్గర వరుసలో నిలబడి ఉండగా, నాయనమ్మ ఒక్కతే డాక్టరు గదిలోకి వెళ్లి వచ్చింది. ఏమన్నారని అమ్మ అడిగితే, ‘సోమవారం రమ్మన్నడు’ అని మాత్రమే చెప్పింది.

ఇంటికి రాగానే నాయనమ్మ కొంగు దోపుకుని, ‘రేపు కృతజ్ఞతా కూడిక పెడుతున్న. అయ్యగారికి చెప్పి రా పో’ అని నన్ను పంపింది.

మా వాళ్లలో కృతజ్ఞతా కూడిక అంటే పని జరిగాక పెట్టేది. జబ్బు నయమైతే, ఉద్యోగం దొరికితే, కాన్పు సుఖంగా అయితే సంఘాన్ని ఇంటికి పిలిచి, జరిగిన మేలు అందరి ముందూ సాక్ష్యంగా చెప్పి, పాటలు పాడి, తినడానికి ఏదో పెట్టి పంపుతారు. ఇంకా కళ్లకు కట్టు ఉండగానే కూడిక పెట్టిన ఇల్లు మా సంఘంలో అంతవరకు లేదు. నేను చెప్పగానే అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ‘కృతజ్ఞతా కూడికేనా? స్వస్థత కోసం ప్రార్థన కూడిక కాదూ?’ అని రెండుసార్లు అడిగారు. నాయనమ్మ చెప్పిన మాటే మళ్లీ చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నానికి ఈ సంగతి గల్లీ అంతా పాకింది. పక్కింటి అక్క వాళ్లది తరాలుగా అమ్మవారి గుడిలో సేవ చేసే కుటుంబం. ఆమె బూందీ దూయడానికి పెద్ద గిన్నె, చిల్లుల గరిట అరువిస్తూ మా గడపలోనే నిలబడి నాయనమ్మను నిలదీసింది.

“గుడికి సున్నమేయబోతే కండ్ల మీదికొచ్చె. ఇంక దేనికి పెద్దమ్మా గీ పండుగ? మీ దేవుడేమన్న కాగితం రాసిచ్చిండా రేపు కండ్లిస్తనని?”

“కాగితమిస్తే చదువొస్తదా నాకు? గిన్నె ఇటియ్యి. బూందీ మాడితే నీదే పూచీ, నువ్వే దూస్తవు.”

“నేనెందుకు దూస్త?”

“నాకు చేతులు వణుకుతున్నయి బిడ్డా.”

పక్కింటి అక్క గిన్నె తనే ఎత్తుకుంది. చెప్పులు విప్పి లోపలికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. నాయనమ్మ చేతులు నిజంగానే వణుకుతున్నాయి. నాకు అది సంతోషం వల్లనే అనిపించింది.

నాకే కాదు, అందరికీ అలాగే అర్థమైంది. సంఘంలోని ఆడవాళ్లు గడపలో అడుగు పెడుతూనే, ‘గదీ విశ్వాసమంటే! రేపు సూడుండ్రి, కట్టిప్పంగనే కొడుకు తల్లి మొఖం సూస్తడు’ అన్నారు. అమ్మ ముఖంలోకి వారం తర్వాత రంగు వచ్చింది. బాపు గోడకానుకుని కూర్చుని, ఎవరు వచ్చారో గొంతును బట్టి పోల్చుకుంటూ అందరికీ వందనాలు చెప్పాడు. కండక్టర్ భాయ్ వచ్చి బాపు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఉస్తాద్, నీ జాగాల కొత్త డ్రైవర్‌ని ఏసిండ్రు. బ్రేక్ కొడితే ప్యాసింజర్లంత నా మీద పడుతున్నరు. జల్ది రా భాయ్, నా నడుము పోతున్నది.”

బాపు నవ్వాడు. ‘మంగళారం వస్త. జర ఓపిక పట్టు’ అన్నాడు.

ఆ మాట వినగానే నాయనమ్మ వంటగదిలోకి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లాను. ఆమె నీళ్ల కుండ ముందు నిలబడి, చెంబు పట్టుకుని ఊరికే ఉంది. ముంచలేదు, తాగలేదు. నన్ను చూసి, ‘చాప సరిపోతదా సూడుపో’ అంది.

పాటలయ్యాక సాక్ష్యం చెప్పమన్నారు అయ్యగారు. నాయనమ్మ ముసుగు సరిచేసుకుని లేచింది. ఆమె మాటలు నాకు కంఠతా వచ్చు.

“నా కొడుకు ముప్పై నాలుగేండ్లు లోకాన్ని సూసిండు. వాళ్ల నాయిన మొఖం సూసిండు. పెండ్లినాడు పెండ్లాం మొఖం సూసిండు. గీ పిల్ల పుట్టినప్పుడు దీన్ని దీపం కాడికి తీస్కపోయి మరీ సూసిండు. పదేండ్లు బండి నడిపిండు, ఒక్క మనిషికి దెబ్బ తగలనియ్యలే. గిదంత దేవుడిచ్చిండు. గందుకు దేవునికి వందనాలు.”

అంతే. కూర్చుంది. నేను ఎదురుచూస్తూ ఉండిపోయాను. రేపటి కట్టు సంగతి చెప్పలేదు. కళ్లు ఇవ్వమని అడగలేదు. అయ్యగారు ఆమె వైపు ఒక్క క్షణం తేరిపార చూసి తల వంచుకున్నారు. ఆయన కూడా ప్రార్థనలో కళ్ల సంగతి ఎత్తకుండా, మా ఇంటిని నిలబెట్టమని మాత్రమే వేడుకున్నారు. నాకు ఒళ్లు మండింది. పెద్దవాళ్లు అడగకపోతే నేనే అడుగుతానని, కళ్లు గట్టిగా మూసుకుని, దర్జీ దగ్గర కుట్టడానికిచ్చిన నా క్రిస్మస్ గౌను వద్దని, దానికి బదులు బాపు కళ్లు కావాలని దేవునితో బేరం పెట్టాను. ఒక్క గౌను చాలదేమోనని భయపడి, వచ్చే ఏడు గౌను కూడా కలిపాను.

అందరూ బూందీ తింటుంటే సంఘపెద్ద మాత్రం గడప దాటి లోపలికి రాలేదు. అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. నాయనమ్మ ఆయనకు చాయ్ తీసుకెళ్లింది. ఆయన దణ్ణం పెట్టబోయి ఏడ్చేశాడు.

“నేనే చేసిన చెల్లే. నీళ్లు పోయనియ్యలే.”

“ప్రార్థన తప్పుగాదన్నా. నీళ్లు పోసుకుంట గూడ చేయొచ్చు. నీళ్లు మాత్రం ఎవలియ్యి? దేవునియే గదా,” అంది నాయనమ్మ. తర్వాత కాస్త కటువుగా, “తాగు. సల్లారితే మళ్ల ఎచ్చబెట్టనీకి బొగ్గులు లెవ్వు,” అంది. ఆయన తాగేదాకా పక్కనే నిలబడి ఖాళీ కప్పు తీసుకుని లోపలికొచ్చింది.

మరునాడు సోమవారం పొద్దున కండక్టర్ భాయ్ ఆటో తెచ్చాడు. బాపు స్నానం చేసి, డ్యూటీ చొక్కా వేసుకుంటానని పట్టుబట్టాడు. కట్టు విప్పగానే అద్దంలో తన మొహం తానే చూసుకోవాలి కనుక గడ్డం కూడా గీయమన్నాడు. అమ్మకు గీయడం రాక రెండుచోట్ల గాటు పడింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

డాక్టరు కట్టు పొరలు పొరలుగా విప్పాడు. దూదిని నీళ్లలో ముంచి రెప్పలు తడిపి, మెల్లగా తెరిచాడు. నల్లగుడ్లు ఉండవలసిన చోట సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. డాక్టరు చేయి ఎత్తి, ‘ఎన్ని వేళ్లు?’ అని అడిగాడు.

బాపు ఎంతో మర్యాదగా, “ఎక్కడ సార్?” అన్నాడు.

డాక్టరు ఆయన గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పాడు. ‘ఇప్పుడు?’ అన్నాడు. బాపు చాలాసేపు ప్రయత్నించి, ‘గీ పక్క జర తెల్లగున్నది సార్’ అన్నాడు. అంతకంటే ఎక్కువ ఎన్నడూ రాదని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. అమ్మ అక్కడే గోడ వెంట జారి కూర్చుండిపోయింది. కండక్టర్ భాయ్ గదిలోంచి బయటికి వెళ్లి, అటు తిరిగి నిలబడ్డాడు.

వరండాలో బెంచీ మీద బాపును కూర్చోబెట్టాక నేను నాయనమ్మ మీద విరుచుకుపడ్డాను. పెద్దవాళ్లతో అంతకుముందు అలా మాట్లాడి ఎరుగను.

“నువ్వు అడగనే లే! అందరిని పిలిచి బూందీ పెట్టినవ్ గని కండ్లియ్యమని అడగలే. గందుకే రాలే!”

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఏడొద్దులు అడిగిన బిడ్డా. రాత్రి పగలు అడిగిన. శనివారం డాక్టరు చెప్పిండు, రెండూ పోయినయని. సోమారం కట్టిప్పినంక నువ్వే చెప్పుకో అన్నడు.”

“మరి కూడిక ఎందుకు పెట్టినవ్?”

“మీ తాత పోయినప్పుడు ఏడాది దాంక దేవుని పేరెత్తనీకి నాకు నోరు తిరగలే. నా సంగతి నాకెరికే. ఇయ్యాల నాకు ఆయన మీద మస్తు కోపమున్నది. ఇయ్యాల వందనాలు చెప్పుమంటే చెప్పను, నా తరం గాదు. గని గిన్నేండ్లు ఇచ్చింది అబద్ధమా? చెప్పవలసింది చెప్పకుంటనే ఉండిపోతనేమోనని, కట్టిప్పి సూడకముందే, నోరు తిరిగేటప్పుడే చెప్పేసిన. నిన్ననే.”

బాపు వింటున్నాడని మేమిద్దరం మరిచిపోయాం. ఆయన తల గోడకానించి, తెల్లబడిన కళ్లు తెరిచే ఉంచి, “శనివారం నుంచి ఎరికేనా నీకు? నాకు ఒక్క మాట చెప్పకపోతివి గదనే అమ్మా,” అన్నాడు.

“చెప్తే నిన్న బూందీ తింటుండెనా నువ్వు?”

బాపు నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. చేయి చాచి గాలిలో తడుముకున్నాడు. నాయనమ్మ ఆ చేతిని అందుకుని తన ముఖం మీద పెట్టుకుంది. ఆ తర్వాత మేము ఆటోలో ఇంటికి వచ్చాం. దారిలో ఎవరమూ ప్రార్థన చేయలేదు.

బాపు మళ్లీ బస్సు నడపలేదు. ఆ క్రిస్మస్‌కు నాయనమ్మ గుడికి వచ్చి, వెనక వరుసలో పెదవులు కదపకుండా కూర్చుంది. మరుసటి వర్షాకాలంలో ఒక ఆదివారం, పాట మధ్యలో ఆమె గొంతు కలవడం విని నేను తల తిప్పి చూశాను. ఆమె నన్ను చూడలేదు.

తొమ్మిదేళ్ల కిందట, మా వారికి ఆసుపత్రిలో చేసిన పరీక్షల ఫలితం మరునాడు వస్తుందనగా, సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చుని, మా ముప్పై ఒక్క ఏళ్లకూ దేవునికి వందనాలు చెప్పాను. ఇంకా ఏమీ తెలియకముందే ఇదేమిటని ఆయన నవ్వారు. తెల్లవారి ఫలితం వచ్చింది, ఆయన ఎక్కువ కాలం ఉండరని. ఆ తర్వాత చాలా కాలం నాకు నోరు తిరగలేదు. గుడికి వెళ్లేదాన్ని, వెనక వరుసలో కూర్చునేదాన్ని. నోరు తిరగనందుకు నాకు భయం వేయలేదు. చెప్పవలసినది ముందురోజే చెప్పాను, అది మా వారు కూడా విన్నారు.