పైనుంచి చూసిన పచ్చదనం

ఉజ్వలను వెళ్లనివ్వలేదు. అంతా అక్కడే మొదలైంది.

అలాస్కా ఉత్తరపు అంచున, చెట్టు మొలవని మంచు నేల మీద, ఒక విదేశీ విశ్వవిద్యాలయం వేసవి శిబిరం పెట్టింది. ఉజ్వల పరిశోధన చేస్తున్న చోటి నుంచి ఒక ప్రొఫెసరు, ఒక విద్యార్థి రావచ్చని పిలుపు వచ్చింది. ఆ నేలను ఉపగ్రహ చిత్రాల్లో ఏళ్ల తరబడి చూస్తున్న విద్యార్థి అక్కడ ఆమె ఒక్కతే. పాస్‌పోర్టు తీసుకుంది. వాళ్ల నాన్న బాలకిషన్‌కు గౌలిగూడలో బస్సు సీట్లకు రెగ్జిన్ కుట్టే దుకాణం ఉంది. ఆయన మందపాటి రెగ్జిన్ ఏరి, చుక్క నీరు చొరని సంచి ఒకటి బిడ్డ కోసం కుట్టాడు.

ప్రయాణం దగ్గర పడ్డాక ప్రొఫెసరు అమరేశ్వరరావు ఆమెను గదిలోకి పిలిచాడు.

"నీ పని పైనుంచి చూడడమే కదమ్మా. అక్కడికెళ్లి ఏం చేస్తావు? ఆ చలి, ఆ గుడారాలు, ఆడపిల్లవి. ఫణిని తీసుకెళ్తున్నాను."

ఫణికుమార్ ఆమె కంటే వెనక చేరినవాడు. అతని పరిశోధన వరి పొలాల మీద. ఆమె లేచింది. తలుపు దాకా వెళ్లాక ప్రొఫెసరు మళ్లీ పిలిచాడు.

"ఆ సంచేదో మీ నాన్నగారు కుట్టారన్నావు. ఇస్తావా? మనవాడికి పనికొస్తుంది."

ఇచ్చింది.

ఏడాదిన్నర తర్వాత, థీసిస్ సమర్పించే ముందు జరిగే సెమినార్లో, ఆమె తెర మీద మ్యాపులు చూపిస్తుంటే అందరి ముందూ అదే మనిషి అడిగాడు. "మ్యాప్ బాగుంది. కానీ నేల మీద చూసిన ఆధారం ఏదమ్మా? పైనుంచి చూసింది మాత్రమే పట్టుకుని మమ్మల్ని నమ్మమంటే ఎలా?"

హాల్లో కొందరు నవ్వారట. ఆ నవ్వినవాళ్లలో ఒక్కడికైనా ఆమెను ఎవరు వెళ్లనివ్వలేదో తెలియదా? తెలుసు. డాక్టరేట్లున్న వాళ్లకు తెలిసీ నవ్వడం వచ్చు. మాలాంటి వాళ్లకు అది ఎవరూ నేర్పలేదు.

నేల మీది ఆధారం చూపించాలి, వచ్చే డిసెంబరు లోపల థీసిస్ ఇవ్వాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అదీ తీర్పు. అప్పటికి ఆమె ఫెలోషిప్ ఆగిపోయింది. అలా నాంపల్లిలో మా ఆఫీసుకు వచ్చింది.

ఆఫీసంటే స్టేషన్ రోడ్డులో ఒక లాడ్జి పైన రెండు గదులు, పది కంప్యూటర్లు. నగరంలో పచ్చదనం ఎంతుందో ఉపగ్రహ చిత్రాల మీద గీతలు గీసి చూపించే కాంట్రాక్టు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసినవాణ్ని. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని చదువుకుంటాను. సోమవారం వచ్చి గీతలు గీస్తాను. ఆమె నా పక్క కుర్చీలో కూర్చుంది. మొదటి రోజే నా బల్ల మీది అట్టలేని భూగోళం పుస్తకం తీసి, టండ్రా పేజీ చూసి, "నాచు, లైకెన్, ధ్రువపు జింక. అయిపాయె, మూడు ముక్కలు" అని నా మీదికే విసిరింది.

"మరి ఇంకేమున్నయక్కా?" అన్నాను.

చెప్పింది. టీ చల్లారేదాకా చెప్పింది. అక్కడ పైన జానెడు, మూరెడు మట్టి వేసవిలో కరుగుతుంది, కింద మాత్రం ఎప్పుడూ గడ్డకట్టిన నేలే. ఇప్పుడు వేసవి పొడుగవుతోంది. కిందిదీ కరుగుతోంది. ఆకు మన కంటికి కనపడని ఒక కాంతిని గట్టిగా తిప్పికొడుతుంది, ఉపగ్రహం దాన్ని పట్టుకుని ఇక్కడ పచ్చదనం పెరిగిందని చెబుతుంది. ముప్పై ఏళ్ల చిత్రాలు వరసగా పెడితే ఆ నేల పచ్చబడుతూ వస్తోంది.

"మంచిదే గదా, పచ్చగైతే?"

"ఏం పచ్చనో తెల్వాలె గదరా. పొదలు లేస్తే ఒక కథ. పొద చలికాలం మంచును ఆపుతది, మంచు దుప్పటి లెక్క పడుకుంటది, కింద నేల చల్లారదు, ఇంకింత కరుగుతది. చెరువు గండి పడి ఎండిపోయిన జాగల తుంగ మొలిస్తే ఇంకో కథ. గదీ పచ్చనే, గిదీ పచ్చనే. పైనుంచి చూస్తే రెండూ ఒక్క తీరే కనవడ్తయి."

"దగ్గరకెళ్లి చూడరాదా, పెద్దగ చేసి?"

"ఒక్కో గడి ముప్పై మీటర్లు తమ్మీ. మా ఇల్లు, పక్కిల్లు, నాన్న దుకాణం, గల్లీ, గల్లీల కుక్క, అన్నీ కల్పి ఒక్కటే రంగు. గా రంగు జూసి ఇంట్ల ఎవలున్నరో చెప్పమంటున్నరు నన్ను."

ఆమె మ్యాపులో ఒక చోటు ఉంది, అన్నిటికంటే వేగంగా పచ్చబడ్డది. దాన్ని మొదట్లో పొదలని గుర్తుపెట్టింది. తర్వాత ఎక్కడో పాత చిత్రం ఒకటి దొరికింది. సగం మబ్బు. మబ్బు అంచున నల్లగా చెరువు లాంటిదేదో. చెరువో, మబ్బు నీడో చెప్పలేం. ఎవరైనా వెళ్లి నిలబడి చూడాలి. ఫణికుమార్ వెళ్లాడు కాబట్టి అతను చూసి రాసింది తనకు కావాలి. అడిగితే, అతని వ్యాసం అచ్చయ్యేదాకా ఇవ్వడం కుదరదన్నాడు ప్రొఫెసరు.

ఆమెకు వెళ్లి చూసే పిచ్చి ఉండేది. అది నాంపల్లిలో కూడా పోలేదు. ఒకసారి స్టేషను వెనక ఒక ముక్క తెర మీద నిగనిగలాడింది. చుట్టుపక్కల అంత పచ్చన ఇంకెక్కడా లేదు. కంప్యూటరు దాన్ని తోట అంది. మిట్టమధ్యాహ్నం నన్ను లేపి నడిపించింది. పాత గోడౌను గోడ పక్కన మక్కకంకులు కాల్చే యాదవ్వ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏం జూస్తున్రు బిడ్డా? ప్లాట్ అమ్మకానికి లేదు, కోర్టుల ఉన్నది."

"తోట ఉన్నదా లోపల?"

"తోటనా!" యాదవ్వ నవ్వుకు దగ్గొచ్చింది. "మోరీ పగిలి మూడేండ్లాయె. గా నీళ్లకు లేసింది. జర చూసుకొని పోండి, పాములున్నయ్."

లోపల వయ్యారిభామ మొక్కలు, ఆముదాలు, చెత్త, మనిషి నడుం దాకా. తిరిగొచ్చి ఉజ్వల తోట కొట్టేసి కలుపు అని రాసింది. మేనేజరు దుర్గేష్ లేచి వచ్చాడు.

"మేడం, గిది నార్త్ పోల్ గాదు, నాంపల్లి. ఎందుకు మార్చిన్రు?"

"పోయి చూసొచ్చినం."

"ఎవలు పొమ్మన్నరు? పైనుంచి పచ్చగుంటే పచ్చనే రాస్తం. బిల్లు ఇచ్చేటోడు గూడ పైనుంచే చూస్తడు."

"నేను రాయను."

రాయలేదు. దుర్గేష్ సాయంత్రం తానే కూర్చుని మళ్లీ తోట అని మార్చుకున్నాడు. ఆ రోజు గన్‌ఫౌండ్రీ మీదుగా నడుస్తూ నేను నవ్వుతుంటే ఆమె నవ్వలేదు. "గాళ్లు మార్చుకోనీ. నేను రాయలే గదా, గదే నాకు" అంది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అంత గట్టిగా నిలబడ్డ మనిషి కనపడలేదు అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి చేయి మొరాయిస్తోంది.

దసరా అయ్యాక, వ్యాసం అచ్చయిందని ప్రొఫెసరు ఫణికుమార్ వివరాలు పంపాడు. శిబిరం నుంచి వెళ్లి చూసిన ప్రతి చోటూ, అక్కడున్న మొక్కా. ఆమె తన మ్యాపుతో పోల్చుకుంది. అన్నీ సరిపోయాయి. ఆ అనుమానపు చోటు కూడా పొదలే. నేను చప్పట్లు కొట్టాను. ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

"అన్నీ ఎట్ల సరిపోతయిరా? మబ్బు కిందున్నయి కొన్ని నేను అందాజ గీసిన. గవి గూడ సరిపోయినయ్. గింత సరిగ్గ నాకే తెల్వదు."

ఫణికుమార్ అప్పటికి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆమె ఫోన్ చేస్తే, దీపావళికి వాళ్లింటికి వచ్చినప్పుడు ఆబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్లో కలుద్దామన్నాడు. నన్నూ రమ్మంది. అతను నవ్వుతూ వచ్చాడు, ఇన్నాళ్లూ తన దగ్గరే ఉన్న సంచి తిరిగిచ్చాడు.

"బ్రహ్మాండమైన సంచి మేడమ్. మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పండి."

ఉజ్వల సంచిని అటూ ఇటూ తిప్పింది. మరక లేదు. కుట్టు దగ్గర కూడా మట్టి లేదు.

"అక్కడ మొత్తం బురదేనట గదా?"

"అయ్యో, మోకాళ్ల దాకా మేడమ్! పైగా దోమలు. వాటి ముందు మన మూసీ దోమలు సాధుజంతువులు." చాయ్‌లో బిస్కెట్ ముంచుకున్నాడు. "హెలికాప్టరు రెండు రోజులే ఇచ్చారు. తర్వాత పొగమంచు. శిబిరం చుట్టూ కొన్ని చోట్లు చూశాం."

"మిగిలినయి?"

"మిగిలినవాటికి మీ మ్యాప్ ఉందిగా."

ఆమె చాయ్ కప్పు కింద పెట్టింది. "నా మ్యాప్ ఉంటే?"

"అందులో పొదలని ఉంటే పొదలని రాశాం, తుంగని ఉంటే తుంగని. సారే చెప్పారండీ. ఉజ్వల చాలా జాగ్రత్త మనిషి, తప్పు చెయ్యదు అన్నారు. మీ మీద ఆయనకు అంత నమ్మకం." నిజంగా మెచ్చుకుంటున్నాననుకున్నాడు. "మీకు మంచిదే కదా మేడమ్? మీ మ్యాపూ మా వివరాలూ ఒక్క చోట కూడా తేడా రావు. ఎవరూ ప్రశ్న వేయరు."

బిల్లు అతనే ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆమె మ్యాపు సరైనదో కాదో తేల్చే సాక్ష్యం ఆమె మ్యాపులోంచే ఎత్తి రాశారు. దాన్నే ఇప్పుడు ఆమె చేతికి ఇచ్చారు, ఇదిగో ఆధారం అని. వాడుకుంటే థీసిస్ గట్టెక్కుతుంది. బయటపెడితే చేతిలో ఏ ఆధారమూ మిగలదు, డిసెంబరు దాటిపోతుంది, ఏడేళ్ల చదువు మట్టి. నేను హోటల్ మెట్లు దిగుతూనే మొదలుపెట్టాను. అందరికీ చెప్పాలన్నాను. పేపరుకెక్కించాలన్నాను. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడికి ఇలాంటి ధైర్యం చవగ్గా దొరుకుతుంది.

"నిన్ను పోనియ్యలేదు. వాళ్లు పోయి గూడ చూడలే. గింత అన్యాయమా అక్కా!"

ఆమె సంచి ఎదకు పట్టుకుని గౌలిగూడ దుకాణం దాకా నడిచింది. బాలకిషన్ సంచి అందుకుని, లైటు కింద కుట్లు చూసుకుని మురిసిపోయాడు.

"చూసినవా బిడ్డా, అమెరిక పోయొచ్చింది, ఒక్క దారం ఊడలే! చెప్పిన గద, నా కుట్టు గట్టిదని." ఆ తర్వాత నన్ను అడిగాడు. "మా పిల్ల సదువు ఈ ఏడన్న ఒడుస్తదా నాయనా? మా వోళ్లల్ల అందరు అడుగుతున్నరు, మీ డాక్టరమ్మ సూదేస్తదా అని."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. "ఒడుస్తది నాన్నా" అంది.

ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. నవంబరులో సెలవు పెట్టింది. రిజిస్ట్రేషన్ పోనిచ్చేసి దిగులుతో ఇంట్లో ఉందనుకున్నాను. ఆఫీసులో ఎవరైనా పాండిత్యం వెలగబెడితే ఆమె పేరు చెప్పి నోళ్లు మూయించేవాణ్ని. ఒక్క మాటలో చెప్పాలంటే, ఆమెను నేనొక విగ్రహం చేసుకున్నాను. ఫిబ్రవరిలో దుర్గేష్ మిఠాయి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఉజ్వల మేడం పంపింది. డాక్టర్ అయింది. వైవాల ఒక్క ప్రశ్న అడగలేదంట! నేల మీది ఆధారం గింత బలంగ ఎవ్వరు చూపియ్యలేదని మెచ్చుకున్నరంట." నా ముఖం చూసి కన్ను గీటాడు. "ఏందిరా, తీపి సయిస్తలేదా?"

నేను తినలేదు. తినకపోవడం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ తిన్నారు.

ఆమెకు బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చిందని విన్నాను. ఫోన్ చేయలేదు. ఆమె చేసినప్పుడు ఎత్తలేదు. మార్చిలో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల కుప్ప ముందు కూర్చుని ఉంటే నీడ పడింది. తల ఎత్తితే ఆమె. భుజాన అదే రెగ్జిన్ సంచి.

"కోపమొచ్చిందా తమ్మీ?"

"నాకెందుకొస్తది? నేనేం డాక్టర్ను గాను."

"సరే, తిట్టు. అయిపోతది."

తిట్టలేదు. నా కాలి దగ్గరున్న అట్లాసు తీసి, అలాస్కా పేజీ తెరిచి ఆమె ముందు పట్టుకున్నాను. ఉత్తరపు అంచంతా ఒకే బూడిద రంగు. ఆమె గీసిన చోటు అందులో ఆవగింజంత కూడా ఉండదు.

"గా చెరువు జాగల ఉన్నది పొదలా అక్కా, తుంగనా?"

"పొదలు."

"యాదవ్వ గోడ దాటి పోయినవు నాడు. మోరీ నీళ్లల్ల దిగి చూసినవు. దీన్ని చూసినవా?"

ఆమె అట్లాసు నా చేతిలోంచి తీసుకుని, మూసి, దుమ్ము తుడిచి కుప్ప మీద పెట్టింది. రోడ్డు దాటబోతూ ఆగింది.

"నేను చూడలే. సార్ చూడలే. ఫణి చూడలే. చూడనోళ్లందరం కల్సి పొదలు అన్నం. నన్ను పోనియ్యనప్పుడు ఒక్కడు అడగలే, ఇప్పుడు నువ్వు అడుగుతున్నవు. పోయి చూసొచ్చినోడు ఒక్కడొచ్చి కాదని చెప్పనీ తమ్మీ, గా దినమే దిద్దుత."