కదలని ఓడ మీది వీరుడు

కోరుట్ల బస్టాండు ముందు కట్టిన ఫ్లెక్సీలో తన మొగుణ్ని చూసి మంజుల మొదట గుర్తుపట్టలేదు. తలకాయ కొమురెల్లిదే. మెడ కింద మాత్రం ఎవరివో తెల్లటి నేవీ బట్టలు, భుజాల మీద బంగారు పట్టీలు, ఛాతీ నిండా పతకాలు. వెనక నీళ్లలోంచి ఒక జలాంతర్గామి ముక్కు పైకెత్తి చూస్తోంది. ‘నౌకాదళ వీరుడు, కోరుట్ల ముద్దుబిడ్డ కొమురెల్లి గారికి నేవీ దినోత్సవం సందర్భంగా ఘన సన్మానం’ అని రాసి ఉంది. సన్మానం చేసేది ఊళ్లోని ఒక ప్రైవేటు బడి. దాని కరస్పాండెంటు మహేశ్ ఫొటో వీరుడి ఫొటోకు రెండింతలుంది.

మంజుల బీడీలు చేస్తుంది. కంపెనీ నుంచి తెచ్చుకున్న తునికాకు మూట చంకలో ఉంది. పక్కన జామకాయలమ్మే ఆవిడ, “గాయన మీ ఆయనేనా?” అని అడిగింది.

“తలకాయ మాదే. తక్కింది ఎవలదో నాకెర్కలేదు,” అని మంజుల ఇంటిదారి పట్టింది.

కొమురెల్లి కోరుట్ల నుంచి మెట్‌పల్లికి షేర్ ఆటో నడుపుతాడు. అతని తాత, తండ్రి కల్లు గీసినవాళ్లు. కొమురెల్లికి చెట్టెక్కాలంటే కాళ్లు వణుకు. సగం ఎక్కి, కిందికి చూసి, చెట్టును కావలించుకుని ఏడిస్తే తండ్రే ఎక్కి దింపాడట. ఆ తర్వాత దుబాయి పోయాడు. తల్లి రాములవ్వ ఇప్పటికీ, “నా కొడుకు ఏడు సముద్రాలు దాటినోడు,” అని వాడకట్టంతా చెప్పుకుంటుంది. “తాడిచెట్టు దాటలేక దాటిండు తియ్యి అత్తా,” అని మంజుల అంటుంది. ఆ మాట అనడం ఆమెకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది.

దుబాయిలో అతనిది ఓడలు బాగుచేసే చోట తుప్పు గీకే పని. అక్కడ గోవా నుంచి వచ్చిన ఓడ వంటవాడొకడు పరిచయమయ్యాడు. ఆ వంటవాడే ఏజెంటుకు చెప్పించి, సరుకుల ఓడలో వంటింటి పనికి పెట్టించాడు. కొమురెల్లి ఓడెక్కిన కొన్నాళ్లకే ప్రపంచమంతా వ్యాపారాలు పడిపోయాయి. మోసేందుకు సరుకు లేదు. ఓడ యజమానులు ఖాళీ ఓడలను స్కాట్లండుకు తీసుకుపోయి, లాక్ స్ట్రివెన్ అనే చోట పక్కపక్కన కట్టేశారు. యంత్రాలు పాడుకాకుండా చూసేందుకు ఓడకు నలుగురైదుగురు మనుషులను ఉంచారు. వాళ్లలో కొమురెల్లి ఒకడు.

అప్పుడు మంజులకు చంటిపిల్ల. కూతురు అక్షితను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, బీడీల చాటను పక్కన పెట్టుకుని, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అతని మాటలు వినేది.

“ఇప్పుడు ఏ సముద్రంల ఉన్నవు?” అని అడిగింది ఒకరోజు.

“సముద్రం కాదే. లాక్‌ల ఉన్న.”

“తాళమేసిండ్రా?”

“తాళం కాదు. సముద్రం గుట్టల నడుమకెల్లి లోపటికి జొచ్చుకచ్చి ఆగుతది. దాన్ని గీళ్లు లాక్ అంటరు.”

“మరి ఓడ కదులుతలేదంటివి గదా. తాళమేసినట్టే ఉన్నది.”

అతను నవ్వలేదు. ఎడతెగని వాన, రెండు పక్కలా పచ్చటి గుట్టలు, మాట్లాడేందుకు గోవా వంటవాడు తప్ప మనిషి లేడు, పొద్దున లేస్తే ఆలుగడ్డలు ఒలవడం, గిన్నెలు తోమడం, ఇనుప మెట్లు తుడవడం. “ఒలిచి ఒలిచి గోర్లు నల్లవడ్డయే మంజులా,” అని ఫోనులో ఏడ్చాడు. మంజుల ఓదార్చింది. ఓదారుస్తున్నప్పుడు కూడా ఆమె వేళ్లు ఆకు చుడుతూనే ఉన్నాయి. నేను రోజంతా చుట్టిన దానికి ఎవరికి ఫోన్ చేసి ఏడ్వాలి అనుకుంది. ఆ రోజే మొగుడి మీద ఆమెకున్న కాస్త గౌరవం కరిగిపోయింది.

సామాన్ల కోసం చిన్న పడవలో ఒడ్డుకు పోయినప్పుడు మాత్రం అతనికి కాస్త కాలక్షేపం దొరికేది. అక్కడ ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పేవాడు, గోవా వంటవాడు హిందీలో చెప్పేవాడు, కొమురెల్లి ఫోనులో మంజులకు తెలుగులో చెప్పేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ నీళ్లను నౌకాదళం తన చేతుల్లోకి తీసుకుంది. లాక్ కొసన ఉన్న పెద్ద బంగళాను కూడా తీసుకుంది. ముగ్గురు నలుగురు మాత్రమే పట్టే బుల్లి జలాంతర్గాములను నడపడం అక్కడే నేర్పారు. నీటి మీద కప్పగంతులు వేస్తూ పోయే గుండ్రటి బాంబులను విమానాల్లోంచి వదిలి, ఒక పాత ఫ్రెంచి యుద్ధనౌక మీదికి గురిచూడటం సాధన చేశారు. పేలుడు మందు లేని బాంబులే. గురి కుదిరిందో లేదో చూసుకునేందుకు. ఒకసారి బుల్లి జలాంతర్గామి ఒకటి మునిగిపోయింది. అందులో ముగ్గురున్నారు. అడుగున చీకట్లో కూర్చుని, లోపలికి నీళ్లు నిండేదాకా ఆగి, అప్పుడు మూత తెరుచుకుని ముగ్గురూ బతికి పైకి తేలారు.

ఆ ఒక్క ముచ్చట విన్నప్పుడు మంజుల చేతులు ఆగాయి. “నీళ్లు నిండేదాంక ఎందుకాగుడు?” అని అడిగింది.

“బయట నీళ్లు మూతను నొక్కి పడ్తయట. లోపట గూడ నిండితేనే మూత లేస్తదట.”

ఆమె చాలాసేపు దాన్ని గురించి ఆలోచించింది. గొంతు దాకా నీళ్లు వస్తుంటే కదలకుండా కూర్చోవడం ఎట్లా ఉంటుందో అనుకుంది. ఈయనైతే మోకాలిదాకా రాగానే తల్లిని పిలుస్తాడు అని కూడా అనుకుంది.

ఓడ ఉద్యోగం అక్కడితోనే అయిపోయింది. కొమురెల్లి తిరిగొచ్చి ఆటో కొనుక్కున్నాడు. కొన్నేళ్లపాటు స్కాట్లండు ఊసే లేదు. ఒకరోజు ఫోనులో వార్త వచ్చింది. లాక్ స్ట్రివెన్ అడుగు నుంచి ఆనాటి బాంబుల్లో రెండింటిని పైకి తీశారట. ఆ వార్త చూసిన దగ్గర్నుంచి కొమురెల్లికి పూనకం వచ్చింది. “నేనున్న నీళ్లల్లనే బాంబులున్నయి,” అని ఆటోలో చెప్పడం మొదలుపెట్టాడు. అంతవరకు నిజమే. నెల తిరక్కుండా అది ‘బాంబుల నడుమ పనిచేసిన’ అయింది. మరి కొన్నాళ్లకు ‘బాంబులు తీసినోళ్లల్ల నేనొకణ్ని’ అయింది. ఆటోలో కూర్చున్న జనం నోళ్లు తెరిచి విన్నారు. మెట్‌పల్లి వచ్చేదాకా ఇంకేం పని వాళ్లకు. చివరికి ఒకరోజు అతని ముచ్చటలో జలాంతర్గామి మునిగింది, అందులో ముగ్గురికి బదులు నలుగురయ్యారు.

ఆ రోజు కారు చెడిపోయి మహేశ్ ఆ ఆటోలో ఎక్కాడు. మహేశ్‌కు ప్రతి దినోత్సవానికీ ఒక మనిషి కావాలి. ఉపాధ్యాయ దినానికొకరు, రైతు దినానికొకరు. మనిషి దొరికితే ఫ్లెక్సీ, ఫ్లెక్సీ ఉంటే తన ఫొటో. సముద్రం ఆనవాలే లేని కోరుట్లలో నేవీ దినానికి మనిషి దొరకక అతను చాలా ఏళ్లుగా అవస్థ పడుతున్నాడు.

సన్మానం రోజు కొమురెల్లి ఇస్త్రీ చేయించిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. రాములవ్వ కొత్త చీర కట్టింది. మంజుల ఇంట్లో చీరతోనే బయల్దేరింది. “గీ చీర తోనా?” అని కొమురెల్లి అడిగితే, “నేనేమన్న మునిగి లేసిన్నా?” అంది.

బడి ఆవరణలో పిల్లలను ఎండలో కూర్చోబెట్టారు. వేదిక మీద ఇంకో అతిథి ఉన్నాడు. మల్యాల నుంచి వచ్చిన లింబాద్రి. ఆయన నిజంగానే నేవీలో చేసి రిటైరయ్యాడు. ఆయన్ని చూడగానే కొమురెల్లి ముఖం పాలిపోవడం మంజుల కింది నుంచి గమనించింది. ఇక ఈయన పని అయిపోయింది అనుకుంది. ఆమెకు జాలి కలగలేదు. ఎట్లా పడతాడో చూద్దామని కాస్త ముందుకు జరిగి కూర్చుంది.

మహేశ్ మైకు పట్టుకుని, సముద్ర గర్భంలో మృత్యువుతో పోరాడిన ధీరుడని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడాడు. తర్వాత కొమురెల్లి లేచి, మునిగిన ముచ్చట చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం, చీకటి, నీళ్లు, మూత. గొంతు కూడా వణికించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో జడలు వేసుకున్న, అక్షిత ఈడు అమ్మాయి ఒకతె లేచి, “సార్, గది రెండో ప్రపంచ యుద్ధంల అన్నరు గదా. అప్పుడు మీ వయసెంత సార్?” అని అడిగింది.

కొమురెల్లి లింబాద్రి వైపు చూశాడు. లింబాద్రి తన చొక్కా కాలరును సరిచేసుకున్నాడు. ఆయనకు అంతా అర్థమైందని మంజులకు తెలిసింది. అయినా పెదవి విప్పలేదు. ఆయన సన్మానం ఇంకా కావలసే ఉంది.

మహేశ్ చటుక్కున మైకు అందుకున్నాడు. “అట్లాంటి వివరాలు దేశ రక్షణ రహస్యాలు తల్లీ. వీరులు వాటిని బయటపెట్టరు. కూర్చో,” అన్నాడు. అమ్మాయి కూర్చుంది. టీచర్లు చప్పట్లు కొట్టారు. లింబాద్రి కూడా కొట్టాడు.

మంజులకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ మొగుడొక్కడే చేతకానివాడనుకుంది. ఇక్కడ చదువుకున్నవాళ్లు వరసగా కుర్చీల్లో కూర్చుని, అబద్ధమని తెలిసీ తలలూపుతున్నారు. అడిగిన ఒక్క పిల్లను కూర్చోబెట్టారు.

“ఇప్పుడు వీరపత్ని మంజుల గారు రెండు మాటలు చెబుతారు,” అన్నాడు మహేశ్.

ఆమె వేదిక ఎక్కింది. మైకు ఎట్లా పట్టుకోవాలో చూసుకుని, తొందర లేకుండా మాట్లాడింది. “మా ఆయన నేవీల లేడు. సరుకుల ఓడల ఆలుగడ్డలు ఒలిచిండు, గిన్నెలు తోమిండు. గా ఓడ గూడ కదలలే, కట్టేసిండ్రు. మునిగింది ఎవలో ముగ్గురు. మా ఆయన పుట్టకముందు. గా బిడ్డ అడిగింది మంచి ప్రశ్న.”

కొమురెల్లి తల దించుకున్నాడు. మంజుల మైకు ఇచ్చేసింది. మహేశ్ ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత ముఖమంతా నవ్వు చేసుకుని, “చూశారా పిల్లలూ, ఎంత నిగర్వం. భర్త త్యాగాన్ని కూడా గొప్పగా చెప్పుకోని తల్లి. దీన్నే అంటారు వినయం,” అన్నాడు. చప్పట్లు ఇంతకుముందు కంటే గట్టిగా మోగాయి. ఆమెకూ ఒక శాలువా కప్పారు.

ఇంటికి పోయేటప్పుడు వెనక సీట్లో రాములవ్వ శాలువాలు తడుముకుంటూ కూర్చుంది. కొమురెల్లి ఇంటిముందు ఆటో ఆపాక, “అందరి ముందట నా ఇజ్జత్ తీద్దామనుకున్నవు,” అన్నాడు.

“అనుకున్న. ఎవ్వలు తియ్యనియ్యలే.”

“నీకేం నష్టమే? ఎవలకేం నష్టం?”

మంజుల ఆటో దిగి అతని ఎదురుగా నిలబడింది. “ఆలుగడ్డలు ఒలిచినందుకు నిన్ను నేనేమన్న అన్ననా? నేను బీడీలు చేస్త, నువ్వు ఆలుగడ్డలు ఒలిస్తివి. గా ముగ్గురు గొంతుదాంక నీళ్లచ్చేదాంక కూసున్నరు. ఆళ్ల పేర్లన్న ఎర్కేనా నీకు? ఆళ్ల పానం మీదికచ్చిన ముచ్చట ఎత్కచ్చి నువ్వు కప్పుకున్నవు. ఆటోల ఎవలన్న సంచి మర్చిపోతే ఇంటికి పోయి ఇచ్చస్తవు. గిదెట్ల తీసుకున్నవు?”

అతను లోపలికి పోయి బట్టలు మార్చుకుని, కిరాయికి వెళ్లిపోయాడు.

నెలరోజులకు సిరిసిల్లలో ఒక యువజన సంఘం వాళ్లు సన్మానానికి పిలిచారు. మహేశే చెప్పి పిలిపించాడు. కొమురెల్లి వేములవాడ మీదుగా బస్సులో ఒక్కడే పోయాడు. ‘మళ్లీ మునగనీకి పోయిండు’ అనుకుంది మంజుల. బడిలో సన్మానం నాడు నంబరు తీసుకున్న లింబాద్రి, సాయంత్రం మంజుల ఫోనుకు ఒక వీడియో పంపాడు. సన్మానం ఉన్నచోట ఆయన ఎట్లాగూ ఉంటాడు. కింద ఏడుపు బొమ్మలు పెట్టాడు.

వీడియోలో కొమురెల్లి మామూలు చొక్కాతో నిలబడి ఉన్నాడు. “నేను నేవీల చెయ్యలే. వంటింట్ల చేసిన. భయపడి ఏడ్సిన గూడ. ఇగ గా నీళ్లల్ల నిజంగ మునిగినోళ్ల ముచ్చట చెప్త,” అని మొదలుపెట్టాడు. ముగ్గురి గురించి, ముగ్గురనే చెప్పాడు. పేర్లు కూడా ఎక్కడో వెతుక్కుని కాగితం మీద రాసుకొచ్చి, తప్పుతడకగా చదివాడు. వెనక కుర్చీలు కదులుతున్న చప్పుడు. ఎవరో ఫోను మాట్లాడుతున్నారు. సగం ముచ్చటలోనే నిర్వాహకుడు వచ్చి, భోజనాలు చల్లారుతున్నాయని చెవిలో చెప్పాడు. జనం లేచారు. కొమురెల్లి లేచినవాళ్ల వీపులకు మిగతా ముచ్చట చెప్పి దిగాడు. శాలువా ఎవరూ కప్పలేదు. దాన్ని లింబాద్రికే కప్పారు.

కొమురెల్లి రాత్రి బస్సు దిగి వచ్చేసరికి మంజుల అన్నం పెట్టింది.

“ఏమన్నరు సిరిసిల్లోళ్లు?”

“తినడానికి లేసిండ్రు.”

“నువ్వు తిన్నవా?”

“పిలువలే.”

ఆమె మరో గరిటె పప్పు వేసింది. వీడియో చూశానని చెప్పలేదు. ఒక్కరోజు నిజం చెప్పినంత మాత్రాన మనిషి మారిపోతాడని నమ్మేంత మెత్తనిది కాదామె. కానీ ఆ కుర్చీల్లోంచి లేచినవాళ్లను తలచుకుంటే మాత్రం, పక్కన కూర్చుని తింటున్న ఈ మనిషే కాస్త నయమనిపించింది.

మర్నాడు పొద్దున మహేశ్ ఫోన్ చేశాడు. కొమురెల్లి ముఖం కడుక్కుంటుంటే మంజులే ఎత్తింది.

“మీ ఆయన చేసిన పని ఏమైనా బాగుందామ్మా? నా బడి పరువేం కావాలి? నేనెంత గొప్పగా చెప్పి పంపిన ఆయన గురించి,” అన్నాడు మహేశ్.

“సార్, అబద్ధం చెప్పిననాడు శాలువా కప్పిండ్రు. నిజం చెప్పిననాడు ఫోన్ చేసి తిడుతున్నరు. మీ బడిల పిల్లలకు ఏం నేర్పుతున్నరో మీరే చూస్కోండ్రి.”

“అది కాదమ్మా, నేనేమంటున్ననంటే...”

మంజుల ఫోన్ పెట్టేసింది.

“ఎవలే?” అని అడిగాడు కొమురెల్లి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ.

“రాంగ్ నంబర్,” అని ఆమె చాట ముందుకు లాక్కుంది. కొమురెల్లి ఆటో తీసి మెట్‌పల్లి రోడ్డు పట్టాడు.